రెండుసార్లూ ఒకే జవాబు

ఆకాశం వైపు చూడడం మనిషిలో ఒక లోపమని నేను ఒకప్పుడు సంతకం పెట్టాను. నవ్వకండి. ఇప్పుడు మీరు ఉద్యోగానికి పోతే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, నలుగురిలో చొరవగా ఉంటావా, మూలన కూర్చుంటావా, కోపమొస్తే ఏం చేస్తావు అని ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతున్నారట. ఆ జబ్బును మా గుట్టల్లోకి మొదట మోసుకొచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కాబట్టి దాని గురించి చెప్పే హక్కు నాకుంది, తిట్టే హక్కు ఇంకా ఎక్కువ ఉంది.

తొంభైల చివర్లో మా అనంతపురం గుట్టల మీద గాలిమరలు లేచాయి. వాన రాకపోయినా గాలికి మాత్రం ఈ సీమలో కరువు లేదని ఎవరో తెలివైనవాళ్ళు కనిపెట్టారు. మావాళ్ళు వాటిని ఫ్యాన్లు అన్నారు. "ఇంతింత ఫ్యాన్లు పెట్టి వచ్చే మబ్బుల్ని గూడా తోలేస్తాండారు" అని తిట్టుకున్నవాళ్ళే, మరుసటి రోజు అందులో ఉద్యోగం కోసం మా ఆఫీసు మెట్లెక్కేవారు. ఆ కంపెనీలో నేను పర్సనల్ ఆఫీసరును. మనుషుల్ని చేర్చుకోవడం, సెలవుల లెక్క, తప్పు చేసినవాళ్ళకు సంజాయిషీ నోటీసులివ్వడం నా పని. డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చదివాను. వాదించడం మాత్రం ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నాను.

అప్పట్లో మా దగ్గర ఉద్యోగానికి ఉన్న పరీక్ష ఒక్కటే: ఎవరి ఉత్తరం తెచ్చావు? ఈ పార్టీ పెద్దమనిషి ఒక ఉత్తరం ఇస్తాడు, ఆ పార్టీ పెద్దమనిషి ఇంకొకటి ఇస్తాడు. ఇద్దరి మనుషుల్నీ తీసుకుంటే ఒకే టవరు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒకరినే తీసుకుంటే రెండోవాళ్ళు గుట్టకు పోయే దారిలో జీపుకు అడ్డంగా బండరాళ్ళు దొర్లిస్తారు. నా బల్ల సొరుగు నిండా ఆ ఉత్తరాలే ఉండేవి. అందుకని బెంగళూరు నుంచి పరీక్షల సారు ఒకాయన వచ్చి, "మేడమ్, మా ప్రశ్నపత్రానికి ఎవరి సిఫారసూ పనిచేయదు" అన్నప్పుడు, నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. ఆయన పరీక్ష ఒక పూట పెట్టి, ఇంకో పూట పుట్టపర్తి వెళ్ళొచ్చేవారు. ఆ పరీక్ష కావాలని మా మేనేజరుతో నెల రోజులు కొట్లాడింది నేనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను వెనకేసుకు రావాలనిపించినప్పుడు పనికొస్తుంది.

రెండువేల తర్వాత ఒక ఏడాది నాలుగు పర్మనెంటు ఉద్యోగాలు వచ్చాయి. టవరెక్కి, మర బాగోగులు చూసే పని. అంతవరకూ ఆ పనిని కాంట్రాక్టరు మనుషులు చేసేవారు. పర్మనెంటువాళ్ళు చేరగానే కాంట్రాక్టు రద్దు. అంటే అప్పటిదాకా ఎక్కినవాళ్ళు ఈ నాలుగింట్లో ఒకటి దొరికించుకోవాలి, లేదంటే ఇంటికి పోవాలి. వాళ్ళలో ఒకాయన మూడేళ్ళుగా టవర్లెక్కి గ్రీజు పెడుతున్నాడు. సైటులో అందరూ ఆయన్ని గ్రీజన్న అనేవారు. పామిడి వైపు మనిషి. సెంటు భూమి లేదు. వయసు ఇంకో ఏడాది దాటితే కంపెనీ నిబంధన ప్రకారం దరఖాస్తు పెట్టడానికి కూడా అర్హత ఉండదు. ఆయనకు ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది.

జూన్ మొదట్లో టౌనులో ఒక బడి గదిలో పరీక్ష పెట్టాం. మొదట బుద్ధి కొలిచే ప్రశ్నలు. ఐదుగురు కూలీలు ఒక పొలం కోతను పది రోజుల్లో ముగిస్తే, పదిమంది ఎన్ని రోజుల్లో ముగిస్తారు? ఉరవకొండ నుంచి వచ్చిన ఒకాయన పన్నెండు రోజులని రాశాడు. అదెట్లప్పా అని అడిగితే, "పదిమంది చేరితే మాటలకే సరిపోతాది మేడమ్. మీరెప్పుడన్నా శెనక్కాయ పీకిచ్చినారా?" అన్నాడు. సున్నా వేశాను. ఇప్పుడైతే రెండు మార్కులు వేస్తాను.

ఆ తర్వాత స్వభావం కొలిచే కాగితం. అవును, కాదు అని టిక్కు పెట్టాలి. 'రేపు ఏమవుతుందోనని నాకు తరచూ బెంగగా ఉంటుంది.' 'చేసిన పనిని మళ్ళీ మళ్ళీ సరిచూసుకుంటాను.' 'ఎత్తైన చోట్ల నాకు భయం వేస్తుంది.' 'ఏ కారణమూ లేకుండా ఆకాశం వైపు చూస్తూ ఉండిపోతాను.' ఈ ఆకాశం ప్రశ్న దగ్గర గదిలో కలకలం రేగింది.

"మేడమ్, కారణం లేకుండా ఎవురు చూస్తారు? జూన్ నెలలో మబ్బు కోసం చూసేకి గూడా కారణం రాయాల్నా?"

"మాట్లాడకుండా టిక్కు పెట్టప్పా" అన్నాను నేను, మహా పరీక్షాధికారి మాదిరి.

అందరూ అవును అనే పెట్టారు. బెంగ కూడా చాలామందికి అవును. పరీక్షల సారు లెక్కగట్టి, అక్కడున్నవాళ్ళలో సగం మందికి పైగా ఆందోళనపరులు, పగటికలలు కనేవాళ్ళు అని తేల్చారు. ఉన్నవాళ్ళలో మెరుగైనవాళ్ళను పైన పెట్టి జాబితా తయారుచేశారు. అట్టడుగున గ్రీజన్న. ఆయన పేరు ఎదురుగా: 'తీవ్ర ఆందోళన. ఎత్తు భయం. టవరు పనికి తగడు.' కింద నా సంతకం.

మా షిఫ్టు సూపర్వైజరు ఆ జాబితా చూసి నా గదికొచ్చారు. యాభై దాటిన ముస్లిం పెద్దాయన. ఆయన తిట్టరు, నవ్వుతూ మాట్లాడతారు. అది తిట్టడం కంటే ఘోరం.

"మేడమ్, మా మనిషి టవరు పనికి పనికిరాడని రాసినారంట. మూడేళ్ళుగా టవరెక్కిందెవురు మేడమ్, వాళ్ళ తాతనా?"

"పరీక్ష అట్లా చెప్తాంది భాయ్. నేనేం చేసేది?"

"ఎద్దును కొనేకి పోతే ఏం చేస్తారు? పండ్లు చూస్తారు, గిట్టలు చూస్తారు, కడాన ఒక సాలు దున్నిచ్చి చూస్తారు. నీకు బెంగుండాదా, నలుగుర్లో కలుస్తావా అని అడుగుతారా?"

"ఎద్దుకు మాటలు రావు కాబట్టి అడగరు."

"వచ్చినా అడగరు మేడమ్. మాటలొస్తే అదిగూడా అబద్ధాలు నేర్చుకుంటాది."

నేను ఊరుకునే రకం కాదు. పరీక్ష శాస్త్రమని, ఎద్దు శాస్త్రం కాదని అరగంట దంచాను. ఆయన అంతా విని, చివర్లో లేస్తూ అన్నారు: "మంచిది. తక్కెడలో ఒకే బెల్లం గడ్డను పొద్దున పెడితే ఒక తూకం, సాయంత్రం పెడితే ఇంకో తూకం చూపించిందనుకో. తప్పు బెల్లానిదా, తక్కెడదా? మీ కాగితం గూడా ఇంకోసారి తూచి చూడు మేడమ్. అదే మాట చెప్తే నేను నోరు మూసుకుంటా."

ఆయన నోరు మూయించాలనే కోరిక అంత మంచి కోరిక కాదు. కానీ నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో సగం ఇట్లాంటి కోరికల వల్లనే జరిగాయి. మళ్ళీ పరీక్ష పెడదామన్నాను. వెంటనే కుదరలేదు, ఎందుకంటే ఆ వారంలోనే వాన వచ్చింది. మామూలు వాన కాదు, విత్తు వేసే పదును వాన. జిల్లా అంతా గొర్రు పట్టింది. శెనక్కాయ విత్తనం పడిపోయాక, మూడు వారాలకు, మళ్ళీ అదే గదిలో అదే మనుషుల్ని కూర్చోబెట్టి అదే కాగితం ఇచ్చాను.

జవాబులు లెక్కగడుతూ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బెంగ ఉందా? కాదు. ఆకాశం చూస్తావా? కాదు. రాత్రి నిద్ర పడుతుందా? అవును, అవును, అవును. జూన్‌లో ఆందోళనపరులుగా తేలినవాళ్ళంతా జులైలో స్థిరచిత్తులైపోయారు. జూన్‌లో పైనున్న ఇద్దరు ముగ్గురు మాత్రం కిందికి జారారు. వాళ్ళ ఊళ్ళ మీద ఆ వాన సరిగ్గా పడలేదట. మేం కొలిచింది మనుషుల స్వభావాన్ని కాదు, వర్షపాతాన్ని! దానికి ప్రతి మండలాఫీసు ఆవరణలోనూ ఒక డబ్బా ఉంటుంది. బెంగళూరు నుంచి ఎవరినీ పిలిపించాల్సిన పనిలేదు.

ఒక్క కాగితం మాత్రం మారలేదు. గ్రీజన్నది. మొదటి కాగితాన్నీ రెండో కాగితాన్నీ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. ప్రతి టిక్కూ మొదటిసారి ఎక్కడుందో రెండోసారీ అక్కడే. అంటే రెండుసార్లూ అట్టడుగే.

ఆయన్ను పిలిపించాను.

"ఏమప్పా, ఎత్తంటే భయమని రెండుసార్లూ రాసినావు. మూడేళ్ళుగా ఎక్కేది నువ్వే కదా?"

"భయముంటేనే గదా మేడమ్ బెల్టు తగిలించుకునేది. భయం లేనోడు ఒక్కసారే ఎక్కుతాడు."

"రెండోసారన్నా బెంగ లేదని పెట్టకూడదా? వాన పడినాక అందరూ మారిపోయినారు."

"వానొస్తే మారేకి వాళ్ళకు చేనుండాది. నాకేముండాది? నాకు వానొస్తే నిచ్చెన జారుతాది, అంతే."

పరీక్షల సారుకు ఫోను చేశాను. అందరివీ తారుమారయ్యాయని చెబితే, రెండోసారి వాళ్ళు ప్రశ్నలకు అలవాటు పడిపోయారన్నారు. ఒకాయనది మాత్రం మారలేదని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "చూశారా మేడమ్! ఆయన విషయంలో పరీక్ష రెండుసార్లూ ఒకే మాట చెప్పింది. ఇంతకంటే నమ్మకమైన ఫలితం మీకు దొరకదు" అన్నారు. అంత అడ్డగోలు మాట అంత సరిగ్గా ఉండడం అంతకుముందు నేను వినలేదు.

మేనేజరు దగ్గరికి పోయి ఈ పరీక్ష పనికిరాదని చెప్పాను. ఆయన నెమ్మదస్తుడు. నన్ను భరించాలంటే అట్లాంటివాళ్ళే ఉండాలి.

"పరీక్ష కావాలని కొట్లాడింది నువ్వే కదమ్మా?"

"అవును సార్."

"ఇప్పుడది తప్పంటే, నీ సొరుగులో ఉండే ఉత్తరాలు మళ్ళీ బయటికి తీయాల్నా? మొన్న పార్టీ పెద్దమనిషి ఒకాయన ఫోను చేసి, కాగితం పరీక్ష కాబట్టి గమ్మునుండా, లేకుంటే చూసుకుందామన్నాడు. ఆయనకు నువ్వు చెప్తావా?"

ఇదీ అసలు చిక్కు. పరీక్షను కింద పడేస్తే లాభపడేది గ్రీజన్న కాదు. ఆయన చేతిలో ఏ ఉత్తరమూ లేదు. అప్పుడు నా నోటికి తోచింది సూపర్వైజరు భాయ్ మాటే: "ఒక సాలు దున్నిచ్చి చూద్దాం సార్. టవరు కాడికి పిలిపించి, అందరి ముందర ఎక్కిద్దాం. ఎక్కినోడు ఎక్కినట్ల కనపడతాడు. దానికి ఏ ఉత్తరమూ అడ్డం రాదు." మేనేజరు ఒప్పుకున్నారు. మొదటి జాబితాలో పైనున్న ఐదుగురు, నా పట్టు మీద ఆరోవాడుగా గ్రీజన్న. హెడ్డాఫీసు నుంచి పెద్దాఫీసరు వచ్చి చూస్తారు. సూపర్వైజరు ఆ దరిదాపుల్లో ఉండకూడదు, గ్రీజన్న ఆయన మనిషని మాట వస్తుంది. పరీక్ష జరిపే బాధ్యత మొత్తం నాది. సంతోషంగా తలకెత్తుకున్నాను.

ఆషాఢం గాలి గురించి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. గుట్ట మీద నిలబడితే చీర కొంగు ఒక చేత, కాగితాలు ఒక చేత పట్టుకోవాలి, మాట్లాడితే మాట వెనక్కొచ్చి నోట్లోనే పడుతుంది. ఇనుప కమ్మీల టవరు, పక్కన నిచ్చెన. మరను ఆపేశారు. సంచీతో పైకెక్కి, చాకుపీసుతో గుర్తుపెట్టిన బోల్టును బిగించి, పలక మీది నంబరు రాసుకుని దిగాలి. జాబితాలో వరస ప్రకారమే పిలిచాను. మొదటి మార్కులాయన సగం దూరం పోయి నిచ్చెనను కౌగిలించుకున్నాడు. దింపేసరికి తాతలు దిగొచ్చారు. రెండో ఆయన పానా కిందే మరిచిపోయాడు. మిగిలిన ముగ్గురూ చకచకా ఎక్కి దిగారు. పెద్దాఫీసరు తల ఊపుతూ రాసుకుంటున్నారు. పొద్దెక్కే కొద్దీ గాలి పెరుగుతోంది. గ్రీజన్న వంతు వచ్చేసరికి పదకొండయింది.

ఆయన బెల్టు కట్టుకున్నాడు. లాగి చూసుకున్నాడు. నిచ్చెన దగ్గరికి పోలేదు. టవరు కాళ్ళ దగ్గర ఒక ఇనుప పెట్టె ఉంటుంది, గాలి వేగం అందులో అంకెల్లో కనబడుతుంది. మూత తెరిచి చూశాడు. మూశాడు. కొంచెంసేపు ఆగి మళ్ళీ తెరిచి చూశాడు. తర్వాత నేరుగా పెద్దాఫీసరు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గాలి ఎక్కువుండాది సార్. ఇప్పుడు ఎక్కేది లేదు."

"ఐదుగురు ఎక్కారు కదయ్యా?"

"వాళ్ళప్పుడు ఎంతుండిందో నేను చూడలేదు సార్. నా వంతప్పుడు చూసినా. ఇంత దాటితే ఎక్కొద్దని మూత మీద ఎర్రరంగుతో రాసుండాది."

పెద్దాఫీసరు మేనేజరు వైపు చూశారు. మేనేజరు నా వైపు చూశారు. నెల రోజులు ఈయన కోసం కొట్లాడాను, ఇప్పుడు వచ్చి ఎక్కనంటాడేంది! పరుగున పోయి, గాలిలో వినబడేలా చెవి దగ్గర గట్టిగా అన్నాను:

"ఎక్కి దిగప్పా! పది నిమిషాల పని. దీంతో నీ బతుకు తేలిపోతాది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. నా కంటే ఐదేళ్ళు చిన్నవాడు.

"మేడమ్, నేను భయపడేవాణ్ణని మీరే కాగితం మీద సంతకం పెట్టినారు గదా. ఈ పొద్దన్నా ఆ మాట మీద ఉండండి."

పెద్దాఫీసరు కాగితాలు మడిచి జీపు వైపు కదిలారు. మేనేజరు ఆయన వెంట పోతూ ఏదో సర్దిచెప్తున్నారు. నేను ఇనుప పెట్టె వైపు తిరిగాను. పొద్దున నా గొడుగును దానికే ఆనించి పెట్టాను. గొడుగు తీసి మూత తెరిచాను. లోపలి అంకె, మూత మీది ఎర్ర అంకెను ఎప్పుడో దాటేసింది. ఐదో ఆయన పైనున్నప్పుడు ఎంత ఉండిందో ఎవరికీ తెలియదు. చూడాల్సింది నేను. ఆ మనిషి అక్కడినుంచి జారి ఉంటే నేను ఇప్పుడు మీకు ఈ కబుర్లు చెప్పేదాన్ని కాదు.

జీపుకు అడ్డంగా పోయి నిలబడ్డాను. రాళ్ళు దొర్లించేవాళ్ళ దగ్గర నేర్చుకున్న విద్య.

"సార్, ఒక్కమాట. ఈ పొద్దున ఇక్కడున్న వాళ్ళలో ఆ పెట్టె మూత తెరిచింది ఆయనొక్కడే. ఎక్కిన ఐదుగురూ తెరవలేదు. ఎక్కించిన నేను తెరవలేదు. చూసిన మీరూ తెరవలేదు. ఈ పరీక్షలో తప్పింది ఎవరో మీరే రాసుకోండి."

మేనేజరు కళ్ళు మూసుకున్నారు. పెద్దాఫీసరు జీపు దిగి, పెట్టె దగ్గరికి నడిచి, చూసి, తిరిగొచ్చి కూర్చున్నారు. జీపు గుట్ట దిగిపోయింది.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. నెలాఖరుకు కాంట్రాక్టు ముగుస్తుంది. గ్రీజన్న మామూలుగా పనికి వచ్చి పోతున్నాడు. నేను మాత్రం తపాలా వచ్చే వేళకు గది బయట పచార్లు చేస్తున్నాను. పదో రోజు కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు. ఒకటి, గాలి వేగం చూడకుండా మనుషుల్ని టవరెక్కించినందుకు పర్సనల్ ఆఫీసరు సంజాయిషీ ఇవ్వాలని. ఆఫీసులో నోటీసులు అందజేసేది నేనే కాబట్టి, నా నోటీసును నాకు నేనే అందజేసుకుని, అందినట్టు నేనే సంతకం పెట్టుకున్నాను. రెండోది నాలుగు పేర్ల జాబితా: ఎక్కి దిగిన ముగ్గురు, ఎక్కనన్న ఒకరు.

పరీక్ష పోయిందనుకుంటున్నారేమో. ఎక్కడికీ పోలేదు. ఇంకా చాలా ఏళ్ళు నడిచింది, ఆకాశం ప్రశ్న ఒక్కటి తీసేశారు. నేనూ దాన్ని పూర్తిగా తీసేయమనలేదు. ఉత్తరాల కంటే కాగితం మేలని ఇప్పటికీ అంటాను, కావాలంటే వాదనకు రండి. కానీ ఆ తర్వాత నేను చేర్చుకున్న ప్రతి మనిషినీ ముందు పనిలో పెట్టి చూశాను. మార్కులు ఎన్నొచ్చాయని కాక, దేనికి వచ్చాయని అడగడం మొదలుపెట్టాను. కాగితం ఆ మనిషి గురించి అబద్ధం చెప్పలేదు. ఆయనకు భయముంది, బెంగుంది, చేసిన పనిని పదిసార్లు చూసుకుంటాడు. అన్నీ నిజమే. అవి లోపాలని రాసింది మేము.

జాబితా పట్టుకుని ఆ పూటే గుట్టకు పోయాను. ఆ రోజు గాలి పలచగా ఉంది. గ్రీజన్న టవరు పైన ఉన్నాడు. కింద నిలబడి కాగితం ఊపాను, అరిచాను. ఆయన ఒకసారి కిందికి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. బోల్టు బిగించాడు. చేత్తో తట్టి చూశాడు. గ్రీజు డబ్బా మూత పెట్టాడు. బెల్టు కొక్కెం ఒక మెట్టు నుంచి తీసి కింది మెట్టుకు తగిలిస్తూ, ఒక్కో మెట్టే దిగాడు. నేల మీదికొచ్చాక కూడా నా వైపు రాలేదు. పానాలు లెక్కపెట్టి సంచిలో వేశాడు, పెట్టెకు తాళం వేసి లాగి చూశాడు, రిజిస్టరు తెరిచి దిగిన వేళ రాశాడు. అంతసేపు నోరు మూసుకుని నిలబడడం నా ఉద్యోగ జీవితంలో అదొక్కసారే.

చేతులు తుడుచుకుంటూ అప్పుడొచ్చాడు.

"ఊ, ఇప్పుడు చెప్పు మేడమ్."